తీసిన డబ్బు తిరిగి పెట్టేశారు. ఇప్పుడు నేను ఏం చేయాలి?

తాళంచెవి

మా సంఘంలో కోశాధికారిగా ఇది నాకు ఆరో ఏడు. డెల్టాలో చిన్న ఊరు, 140 కుటుంబాలు. మందిరానికి రేకుల కప్పు తీసేసి స్లాబు వేయాలని మూడేళ్లుగా నిర్మాణ నిధి పోగుచేస్తున్నాం. కూలికి వెళ్లే అక్కలు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, నెలాఖరుకు అమ్మి తెచ్చిన డబ్బు కూడా అందులో ఉంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తుందని మే నెలలో వచ్చిన నగదును బ్యాంకులో వేయకుండా ఆఫీసు గదిలోని ఇనప్పెట్టెలోనే ఉంచాం.

జూలై మొదటి వారంలో లెక్కపెడితే 40,000 తక్కువ వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ పెట్టెకు రెండు తాళంచెవులు, ఒకటి నా దగ్గర, ఒకటి పాస్టరు గారి దగ్గర ఉంటాయి. వెళ్లి అడిగాను. ఆయన తడబడలేదు. "నేనే తీశాను. అమ్మాయి నర్సింగు కాలేజీ ఫీజుకు అదే చివరి రోజు. రెండు నెలల్లో పెట్టేస్తాను, మన ఇద్దరి మధ్యే ఉండనీ" అన్నారు. అన్నట్టే ఆగస్టు ఆఖర్లో మొత్తం పెట్టేశారు. మేము కట్టలు తెల్లదారంతో కడతాం. ఈ కట్ట రబ్బరుబ్యాండుతో వచ్చింది. పెట్టె తెరిచినప్పుడల్లా నా కళ్లు దాని మీదికే పోతున్నాయి.

ఆయన చెడ్డవారు కాదు. మా నాన్న చివరి పదకొండు రోజులూ ఆసుపత్రి వరండాలో నా పక్కన పడుకున్నది ఆయనే. ఈ నెలలో సర్వసభ్య సమావేశం ఉంది, లెక్కలు చదవాల్సింది నేను. పుస్తకం పైసాతో సహా సరిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా జరిగింది మాత్రం అందులో ఎక్కడా లేదు. పోయిన నెల నాలుగు ఆదివారాలూ ఆయన యువకులకు ఆశానిగ్రహం మీద ప్రసంగాలు చేశారు. వాక్యం సరిగ్గానే చెప్పారు, కానీ నేనే తలెత్తి వినలేకపోయాను.

ఇది దొంగతనమా, అప్పా? సమావేశంలో చెప్పాలా, వదిలేయాలా?

పాత_కీర్తన

తిరిగి పెట్టేశారు కదా. "ప్రేమ అనేక పాపములను కప్పును" అని పేతురు రాశాడు. ఒక తండ్రి బిడ్డ చదువు కోసం చేసిన పని. మీరు దీన్ని బయట పెడితే స్లాబు సంగతి అలా ఉంచండి, సంఘమే నిలవదు. వదిలేయండి.

లెక్కల_మాస్టారు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆడిట్‌లో పనిచేశాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. "తిరిగి కట్టేశాను కదా సార్" అనే మాట ఎన్ని కార్యాలయాల్లో విన్నానో లెక్కలేదు. దుర్బుద్ధితో కొంతకాలం మాత్రమే వాడుకున్నా అది దుర్వినియోగమేనని పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఇప్పటి న్యాయసంహితలో అది 314. ఆయనకు దుర్బుద్ధి ఉందని నేను అనడం లేదు. అది మీకు తెలిసినంత నాకు తెలియదు. కానీ అప్పు అనాలంటే ఇచ్చినవాడు ఒకడు ఉండాలి. ఇక్కడ ఇచ్చింది ఎవరు? ఆ బియ్యం అమ్మిన అక్కలను ఎవరైనా అడిగారా?

సొమ్ము తిరిగి వచ్చింది, మంచిదే. చీటీ ఎక్కడ ఉంది? నా మనసు అక్కడే ఆగిపోతోంది.

సీయోను_కోట

దైవజనుల మీద లెక్కలు వేయడం ఈ రోజుల్లో అలవాటైపోయింది. అభిషేకించినవారిని ముట్టకూడదని కీర్తనలో స్పష్టంగా ఉంది. ఆయనకు న్యాయం తీర్చేది ప్రభువు. కోశాధికారి పని డబ్బు చూసుకోవడం. కాపరిని కాయడం ఆయన పని కాదు.

గిటారు_తీగ

సీయోను_కోట గారూ, ఆ 105వ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు వారికి హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి. లెక్కలు అడగకూడదని అందులో ఎక్కడ ఉంది? దావీదు కూడా అభిషిక్తుడే. నాతాను ప్రవక్త అతని ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు కదా.

ఇంకో మాట. తనను వేటాడుతున్న సౌలు రాజును దావీదు గుహలో చంపలేదని అందరూ చెబుతారు. కానీ ఆ తర్వాత అతను గుహ బయటికి వచ్చి, తాను కోసిన సౌలు వస్త్రపు చెంగు చేతిలో పట్టుకుని, సౌలును పిలిచి అడిగాడు. ముట్టలేదు, కానీ మాట్లాడాడు.

మందిరం_పక్కిల్లు

నేను పాస్టరు భార్యను. ఊరు చెప్పను. మా ఆయనకు సంఘం ఇచ్చేది నెలకు 11,000. ఇద్దరు పిల్లలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు కూర తెస్తారు, పండుగకు చీర పెడతారు, మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పదిమంది వచ్చి ప్రార్థన చేస్తారు. ఆ ప్రేమకు నేను ఎప్పుడూ రుణపడి ఉంటాను. కానీ ఈ పన్నెండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు "అమ్మగారూ, పిల్లల ఫీజు కట్టేశారా" అని అడగలేదు. జూన్ నెల వస్తే మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇది ఆయన చేసిన దానికి సాకు కాదు. ఒకసారి మా ఆయన కూడా కానుకల పెట్టెలోంచి పెట్రోలుకు 1,500 తీసి, చీటీ రాసిపెట్టి వచ్చారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా చెవి దిద్దులు పెట్టి తెచ్చి మర్నాడు పొద్దున్నే పెట్టెలో వేయించాను, పెద్దలకు కూడా చెప్పించాను. ఆ తర్వాత ఆ పెట్టె తాళంచెవి మా గడప లోపలికి రాకూడదని పట్టుబట్టాను. మా ఆయన దొంగ కాబట్టి కాదు. జూన్ నెలలో ఆకలిగా ఉన్న మనిషి దగ్గర తాళంచెవి పెట్టి, ఆయన ఆశానిగ్రహాన్ని పరీక్షించే హక్కు ఎవరికీ లేదు కాబట్టి.

పాత_కీర్తన

అమ్మా, మీ పోస్టు చదివాక నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. "వదిలేయండి" అన్నాను. వదిలేస్తే ఆ పాస్టరు గారి జీతం సంగతి కూడా ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది కదా. అది నాకు తట్టలేదు.

లెక్కల_మాస్టారు

చీటీ రాశారు, పెద్దలకు చెప్పారు. నేను అడుగుతున్న తేడా అదే.

ఒంగోలు_మనవడు

ఆశానిగ్రహం అనగానే మనకు సినిమా, సెల్‌ఫోను, ఆడపిల్లలు గుర్తుకొస్తారు. నాకు మాత్రం మా ముత్తాత ఊరి కథ గుర్తుకొస్తుంది, మా ఇంట్లో తరాలుగా చెప్పుకుంటారు.

1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని చూపించాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. వేలమంది మాదిగలు, మాలలు అక్కడ పలుగూ పారా పట్టి కూలి తెచ్చుకున్నారు. సాయంత్రాల్లో బోధకులు వాక్యం చెప్పేవారు. జనం "మాకు బాప్తిస్మం ఇవ్వండి" అని అడగడం మొదలుపెట్టారు.

క్లౌ ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో వాళ్లకే తెలియని కాలంలో నీళ్లలోకి దింపనన్నాడు. దాదాపు 15 నెలలు ఒక్క బాప్తిస్మం లేదు. ఆలోచించండి, ఏ మిషనరీకైనా సంఖ్యలే కదా ఇంటికి రాసుకునే ఉత్తరం. అమెరికాలో డబ్బు పంపేవాళ్లు వాటి కోసమే ఎదురుచూస్తారు. వేలమంది గుమ్మం ముందు నిలబడి ఉండగా ఆగడమంటే మామూలు నిగ్రహమా?

కరువు తగ్గి, పంచిపెట్టే డబ్బు అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ సంఖ్యనే చెబుతారు. మా తాత మాత్రం ముందు ఆ 15 నెలల సంగతి చెప్పేవాడు.

సభల_సైకిల్

పై పోస్టు చదివి అరగంట ఊరికే కూర్చున్నాను.

నేను పదేళ్లు ఒక సువార్త బృందంలో రిపోర్టులు రాశాను. పేరు చెప్పను. పల్లెల్లో సభ పెడితే 60 మంది వస్తారు. కుర్చీలు దగ్గరగా లాగి, పిల్లలను ముందు కూర్చోబెట్టి, మూల నుంచి ఫోటో తీసేవాళ్లం. రిపోర్టులో 200 అని రాసేవాణ్ని. చేతులెత్తిన వాళ్లు అయిదుగురైతే "అనేకులు". ఒక ఊళ్లో ఒకే ముసలాయన మూడేళ్లు వరుసగా చెయ్యెత్తాడు. మూడేళ్లూ ఆయన్ను కొత్త ఆత్మగానే లెక్కవేశాం. ఎవరూ ఒక్క రూపాయి దొంగిలించలేదు. మా నాయకుడు ఎంతో నిరాడంబరంగా బతికాడు, బస్సులోనే తిరిగేవాడు. అయినా ఆ రిపోర్టులు చదివి కానుక పంపిన వాళ్లకు మేము ఇచ్చింది అబద్ధమే. అది మానేసి నాలుగేళ్లయింది. ఆ ముసలాయన పేరు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

డల్లాస్_దీపం

సభల_సైకిల్ గారు రాసింది చదివితే మొడెస్టో గుర్తుకొచ్చింది. నేను ఇక్కడ ఒక తెలుగు సంఘంలో పెద్దగా ఉన్నాను. మా పెద్దల కమిటీలో ప్రతి కొత్త సభ్యుడికీ ఈ సంగతి చెబుతాం.

1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టో ఊళ్లో అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం సభలు జరుగుతున్నాయి. అప్పటికి ఆయనకు దాదాపు 30 ఏళ్లు. సంచార సువార్తికులంటే జనానికి అనుమానం, అందుకు కారణాలు కూడా ఉన్నాయి. ఒకరోజు తన బృందంలోని క్లిఫ్ బారోస్, జార్జ్ బెవర్లీ షే, గ్రేడీ విల్సన్‌లను పిలిచి, సువార్తికులు ఏయే విషయాల్లో పడిపోయారో ఎవరి గదికి వాళ్లు వెళ్లి ఆలోచించి రమ్మన్నాడు. గంట తర్వాత వచ్చి చూసుకుంటే అందరి జాబితాలూ దాదాపు ఒకటే. డబ్బు, పరస్త్రీ వ్యామోహం, స్థానిక సంఘాలను చులకన చేయడం, సంఖ్యలు పెంచి చెప్పడం. ఈ నాలుగింటికీ ముందే కంచె వేసుకున్నారు. సభకు ఎంతమంది వచ్చారో తాము చెప్పకుండా పోలీసులో మైదానం నిర్వాహకులో చెప్పిన అంకెనే వాడాలనుకున్నారు. ఆ అంకె తక్కువని తమకు అనిపించినా సరే.

అలా ఒప్పుకున్నంత మాత్రాన డబ్బు విషయం చక్కబడలేదు. 1950లో అట్లాంటా సభల చివర్లో, అప్పటి వాడుక ప్రకారం ప్రేమ కానుక పట్టారు. మర్నాడు అక్కడి పత్రికలో రెండు ఫోటోలు పక్కపక్కన పడ్డాయి. ఒకదానిలో కానుకల సంచులు మోస్తున్న కార్యకర్తలు, ఇంకొకదానిలో నవ్వుతూ కారెక్కుతున్న గ్రాహం. ఆయన దొంగిలించింది ఏమీ లేదు. అయినా ఆ ఫోటో ఆయన్ను బాగా కలచివేసింది. ఆ తర్వాత సభలో ఎంత పోగైనా తనకు సంబంధం లేకుండా, సంస్థ బోర్డు నిర్ణయించే జీతానికి మారిపోయాడు.

తాళంచెవి గారూ, మీ పాస్టరు గారి సంగతీ నాకు అలాగే కనిపిస్తోంది. మంచివాడు, కంచె లేదు. "ప్రాకారము లేక పాడైన పురము" అని సామెతల్లో 25వ అధ్యాయం ఆఖరి వచనం. గోడ ముందే కడతారు, శత్రువు వచ్చాక కాదు.

హాస్టల్_వార్డెన్

డల్లాస్_దీపం గారూ, ఆ నాలుగింటిలో రెండోదాని గురించి నాకు వేరే అనుభవం ఉంది. ఆ మొడెస్టో నియమం ప్రకారం పరాయి స్త్రీతో ఒంటరిగా భోజనం చేయకూడదు, ప్రయాణం చేయకూడదు, మాట్లాడకూడదు. నేను మిషన్ హాస్టల్లో 19 ఏళ్లు పనిచేశాను. మా మీది అధికారి ఈ నియమం చాలా నిష్ఠగా పాటించారు. ఫలితం ఏమిటంటే మగ వార్డెన్లతో టీ తాగుతూ నిర్ణయాలు జరిగిపోయేవి, ఆడపిల్లల హాస్టల్ సంగతి నాకు నోటీసు బోర్డు మీద తెలిసేది. బాత్రూం తలుపుల గడియలు ఊడిపోయాయని చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకంటే నాతో కూర్చుని మాట్లాడటమే ఆయన శోధన అనుకున్నారు. నేను ఆయనకు శోధనను కాదు, సహోద్యోగిని.

చివరికి నేనే అడిగి ఆయన గది తలుపుకు అద్దం పెట్టించాను. లోపల ఎవరున్నారో వరండాలో నుంచి కనిపిస్తుంది, మాటలు వినపడవు. ఆ తర్వాత నా పని ఆగలేదు, ఆయన పేరూ చెడలేదు.

డల్లాస్_దీపం

ఒప్పుకుంటున్నాను. మా కమిటీలో ఇద్దరు స్త్రీలు ఉన్నారు. వాళ్లను ఒక్కసారైనా ఈ విషయం అడిగానా అంటే అడగలేదు. ఈ ఆదివారం అడుగుతాను.

హాస్టల్_వార్డెన్

అడగండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయాస్ 2020లో చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక వచ్చింది. మసాజ్ చేసే స్త్రీల పట్ల ఆయన ఏళ్ల తరబడి ఎలా ప్రవర్తించారో అందులో ఉంది. అంతకు ముందు ఒక స్త్రీ ధైర్యం చేసి చెబితే నమ్మలేదని బోర్డు తర్వాత క్షమాపణ కోరింది. నేను ఆయన ప్రసంగాలు క్యాసెట్లలో విని పెరిగిన దాన్ని. ఆ వార్త వచ్చిన రోజు వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఆయన చుట్టూ చదువుకున్నవాళ్లు, భక్తిపరులు ఎంతమంది ఉన్నారు! అడగగలిగిన వాళ్లు మాత్రం లేకపోయారు. అందుకే తాళంచెవి గారూ, మీరు అడగడం ఆయనకు మేలు చేయడమే.

సీయోను_కోట

ఇదే నా భయం. నలభై వేల రూపాయల విషయం నుంచి ఎక్కడి దాకా వెళ్లిపోయారు! ఒక పేద పాస్టరు పిల్ల ఫీజు కట్టాడు. ఆయన్ను తీసుకెళ్లి ఎవరి పక్కన నిలబెట్టారు? బయట మనల్ని ఎగతాళి చేయడానికి కాచుకుని కూర్చున్న వాళ్లు ఉన్నారు. సమావేశంలో ఒకరు ఫోనులో రికార్డు చేస్తే సాయంత్రానికి ఊరూరా తిరుగుతుంది. పెద్దల మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే అంగీకరించమని పౌలు తిమోతికి రాశాడు. ఇక్కడ సాక్షి ఒక్కడే.

హాస్టల్_వార్డెన్

పక్కన నిలబెట్టాలని కాదు. కానీ మీరు బాధపడటంలో న్యాయం ఉంది, ఆ రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పకుండా ఉండాల్సింది.

గిటారు_తీగ

దాని తర్వాతి వచనంలో, పాపం చేసిన పెద్దను అందరి ఎదుట గద్దించమని కూడా ఉంది. అయినా ఇక్కడ సాక్షులు ఎందుకు? ఆయనే ఒప్పుకున్నారు.

నేను మాత్రం ఇంకో విషయం అడగాలి. మా సంఘంలో యూత్ మీటింగులో ఆశానిగ్రహం అంటే మాకే పాఠం. పోయిన క్రిస్మస్‌కు మైకు సరిగ్గా పెట్టలేదని ఒక పెద్ద, మందిరం ఊడ్చే ఆమెను నలభై మంది ముందు నోటికి వచ్చినట్టు తిట్టాడు. ఆమె మా అమ్మ వయసు. చీపురు చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆయన మర్నాడు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం వడ్డించాడు. నేను బల్లకు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని మా నాన్న ఇప్పటికీ అడుగుతాడు. సంఘాన్ని నడిపే అధ్యక్షుడు కొట్టువాడు కాకూడదు, జగడమాడనివాడై ఉండాలి అని కూడా అదే తిమోతి పత్రికలో, "ఏకపత్నీ పురుషుడు" పక్కనే ఉంది. దాని మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు.

పాత_కీర్తన

బాబూ, ఆమె దగ్గరికి ఎవరైనా వెళ్లారా?

గిటారు_తీగ

నేను వెళ్లాను. టీ ఇచ్చింది. ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

గోదావరి_గట్టు

మాది నరసాపురం ప్రాంతం, బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. ముల్లర్ సంగతి ఒకటి చెబుతాను, మాకు ఆయనతో దూరపు చుట్టరికం లాంటిది ఉంది. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ భార్య మేరీ, మిషనరీ ఆంటొనీ నారిస్ గ్రోవ్స్‌కు సోదరి. ఆ గ్రోవ్స్ వెంటే బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి మన గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టాయి.

ముల్లర్ ఎవరినీ డబ్బు అడగలేదని అందరూ సాక్ష్యంగా చెబుతారు. ఏటా అచ్చువేసి జనం చేతిలో పెట్టిన లెక్కల గురించి తక్కువమంది చెబుతారు. చిన్న చిన్న నాణేలు కూడా అందులో ఉండేవి. మా ఇళ్లలో "విశ్వాసంతో బతుకుతున్నాం" అంటూ లెక్క రాయని వాళ్లను చూశాను. ఆయనకు ఆ రెండూ ఒకే పని.

లెక్కల_మాస్టారు

తాళంచెవి గారూ, ఒకటి అడగనా? మీ మందిరంలో కానుకల కోసం అతికించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు వెళుతోంది? నేను ఈ ఏడాది అయిదు చిన్న సంఘాల లెక్కలు చూసిపెట్టాను. మూడింటిలో అది పాస్టరు గారి సొంత నంబరే. మోసం చేయాలని కాదు, సంఘం పేరున ఖాతా తెరవడానికి రిజిస్ట్రేషను కాగితాలు కావాలి, వాటి కోసం ఎవరూ తిరగలేదు. అలా ఏళ్లు గడిచాక ఏది సంఘం డబ్బో, ఏది ఇంటి డబ్బో ఆయనకే తెలియదు. కరెంటు బిల్లు సంఘం డబ్బుతోనే కడతారు, గ్యాసు బండ కూడా దాంతోనే తెస్తారు.

ఆదివారం కానుకను ఒకే ఇంటికి చెందని ఇద్దరు, జనం ఇంకా మందిరంలో ఉండగానే లెక్కపెట్టి సంతకాలు చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. నెల లెక్క గోడకు అతికించాలి. ఇంతకు మించి పెద్ద విద్య ఏమీ లేదు. సోమవారం బ్యాంకుకు వెళ్లి ఉంటే జూన్‌లో ఆ పెట్టెలో తీయడానికి నలభై వేలు ఉండేవే కావు.

తాళంచెవి

అన్నీ చదివాను. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే. కానీ ఒక సంగతి మొదటి పోస్టులో రాయలేదు, రాయాల్సింది.

రెండో తాళంచెవి పాస్టరు గారికి ఇచ్చింది నేనే. కమిటీ తీర్మానం ఏదీ లేదు. శనివారాలు నాకు పొలం పని ఉంటుంది, పూలకూ కరెంటుకూ ప్రతిసారీ నన్ను పిలవకుండా ఉంటుందని ఇచ్చాను. నా సౌకర్యం కోసం ఆయన చేతిలో పెట్టాను. మందిరం_పక్కిల్లు గారు రాసిన ఆఖరి వాక్యం చదివినప్పటి నుంచి ఇదే తొలుస్తోంది.

మందిరం_పక్కిల్లు

ఇది ముందు ఆయనతో చెప్పండి. ఆయన తప్పు అడిగే ముందు మీది చెప్పండి. ఆయన ఇంటావిడ కూడా ఆ రెండు నెలలు నిద్రపోయి ఉండదు.

సీయోను_కోట

సమావేశానికి ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడండి. మత్తయి 18లో ఉన్న వరుస అది. ఆ మాత్రమైనా వినండి.

తాళంచెవి

సీయోను_కోట గారి మాట ప్రకారమే వెళ్లాను. నిన్న సమావేశం అయింది.

శుక్రవారం సాయంత్రం వెళితే మందిరంలో ఆయన ఒక్కరే చాపలు చుడుతున్నారు. నేను రెండో కొస పట్టుకున్నాను. తాళంచెవి సంగతి చెప్పాను, తీర్మానం లేకుండా ఇచ్చినందుకు సమావేశంలో ముందు నా పేరే చదువుతానన్నాను. ఆ తర్వాత, "అయ్యగారూ, వోచరు లేకుండా ఈ లెక్క నేను చదవలేను" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "తిరిగి పెట్టాను కదా, పదిహేనేళ్లు చూసి నన్ను నమ్మవా?" అన్నారు. నేను నమ్ముతాను అన్నాను. నేను చెబితే అది ఫిర్యాదు అవుతుంది, మీరు చెబితే ఒప్పుకోలు అవుతుంది అన్నాను. చాలాసేపు ఆయన చాప అంచు సరిచేస్తూ ఉండిపోయారు. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్లారు. ఇక రారేమో అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని వచ్చి, "పుస్తకం ఇలా ఇవ్వు" అన్నారు.

సమావేశంలో ప్రసంగ వేదిక ఎక్కలేదు, కింద నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పారు. ఒక పాత పెద్ద గట్టిగా అరిచాడు. ఇంకొకాయన రాజీనామా చేయమన్నాడు. పిడికెడు బియ్యం డబ్బా చూసుకునే అక్క లేచి, "ఫీజు కట్టాలని మాతో ఎందుకు చెప్పలేదు అయ్యగారూ" అంది. అప్పటిదాకా గట్టిగానే ఉన్న మనిషి, ఆ మాటకు కూర్చుండిపోయారు.

రెండో తాళంచెవి ఇప్పుడు ఆ అక్క దగ్గర ఉంది. నెల రోజులు ప్రసంగం చేయనని ఆయనే అన్నారు, కమిటీ ఒప్పుకుంది. జీతం 12,000 నుంచి 15,000 చేశాం, దానికి కూడా ఎదురు చెప్పిన వాళ్లు ఉన్నారు. రెండు కుటుంబాలు ఈ ఉదయం ఆరాధనకు రాలేదు. మా పెదనాన్న కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. పాస్టరు గారి అమ్మాయి సెలవులకు వచ్చి ఉంది, మందిరంలో వెనక వరుసలో కూర్చుంది, ఎవరి వైపూ చూడలేదు. దానికి ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

మందిరం_పక్కిల్లు

ఆ పిల్లను భోజనానికి పిలవండి. సంఘం తరఫున కాదు, మీ ఇంటికి. మీ ఆవిడను వెళ్లి పిలవమనండి.

సీయోను_కోట

కమిటీలో తేలితే సరిపోయేది, సర్వసభ్య సమావేశం దాకా రాకూడదని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన తన నోటితోనే చెప్పారు, అది గొప్ప సంగతి. ఆయన కోసం, ఆ రెండు కుటుంబాల కోసం ఈ వారం ఉపవాసం ఉంటాను.

గిటారు_తీగ

చాప రెండో కొస పట్టుకున్నారని చదివి మా నాన్నకు వినిపించాను. బల్లకు ఎందుకు వెళ్లలేదో ఆయనకు ఇవాళ మొత్తం చెప్పాను.

లెక్కల_మాస్టారు

తాళంచెవి గారూ, వోచరు మీద ఏ తేదీ వేశారు?

తాళంచెవి

తీసిన తేదీ. జూన్ 14. సమావేశం తేదీ వేస్తే బాగుంటుందని ఒక పెద్దాయన అన్నారు. పాస్టరు గారే వద్దన్నారు.